చల్లారాక లేచిన మిక్సర్

“బొత్తాం నేనే నొక్కాను,” అన్నాడు ఫ్యూజు.

“ఏ వేలితో?” అన్నది మెగ్గరమ్మ.

బేడీలు పడిన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు ఫ్యూజు, ఆ వేలు ఇంకా అక్కడే ఉందో లేదో అన్నట్టు. ఫ్యాక్టరీ స్టోరు గదిలో చుట్టూ పాత బేరింగులు, తుప్పు పట్టిన పుల్లీలు. బల్లకి అటు అతను, ఇటు ఆమె. గుమ్మంలో పోలీసు ఇన్‌స్పెక్టరు, కిటికీ పక్కన అందరూ సర్టిఫికెట్ అని పిలిచే ఆయన.

ఫ్యూజు ఈ పుట్టీ పొడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. సన్నగా ఉంటాడు, చిన్న మాటకే ఎగిరిపోతాడు కనుక ఆ పేరు. పెట్టినవాడు స్వయానా బావమరిది. ఆ బావమరిది ఇప్పుడు లేడు. మిక్సర్ మీద పని చేసేవాడు. పోయిన వారం, ఆగిపోయిన మిక్సర్ డ్రమ్ములోకి దిగి గోడలకి అంటిన ముద్ద గీకుతుండగా, డ్రమ్ము తిరిగింది.

మెగ్గర్ అంటే మోటారు చుట్టలో కరెంటు ఎక్కడ కారిపోతోందో పట్టిచ్చే పరికరం. మనుషుల్లో నిజం ఎక్కడ కారిపోతోందో పట్టుకుంటుంది కనుక ఈ డిటెక్టివు మెగ్గరమ్మ అయింది. యాభై దాటిన మనిషి, సైరను గొంతు. ఒకప్పుడు తనిఖీ శాఖలో ఇంజనీరు. “విద్యుత్తు శాఖలో విద్య ఉత్తదేనని చేరాకే తెలిసింది” అంటూ రాజీనామా పడేసి వచ్చేసింది. అదే శాఖలో పక్క కుర్చీలో కూర్చున్నవాడు సర్టిఫికెట్. ఆయనా బయటికొచ్చాడు, కానీ ఉత్త చేతులతో రాలేదు, సగం ఫ్యాక్టరీల యజమానులతో స్నేహం మూటగట్టుకుని వచ్చాడు. ఏ యంత్రానికి ఏ పత్రం కావాలన్నా ఆయన సంతకమే. ఈ కేసులో పోలీసుల నిపుణుడూ ఆయనే. ఇన్‌స్పెక్టరు మాత్రం న్యూట్రల్. న్యూట్రల్ వైరు లాగే అందరికీ కలిసి ఉంటాడు, పట్టుకుంటే ఏమీ తగలదు.

“చూపుడు వేలితో,” అన్నాడు ఫ్యూజు.

“ఎప్పుడు?”

“మిక్సర్ ట్రిప్ అయింది. నేను ప్యానెల్ గదిలోనే ఉన్నాను. తలుపు తీసి రిలే మీద బొత్తాం నొక్కాను. తిరిగింది.”

“ఆగిన వెంటనే నొక్కావా?”

“వెంటనే.”

“లోపల మీ బావమరిది ఉన్నాడని తెలుసా?”

“తెలీదు.”

“ఎప్పట్నుంచి చేస్తున్నావు ఈ పని?”

“పెళ్ళికి ముందు నుంచి.”

“అయితే మొదటి షాకు కరెంటుదే,” అన్నది మెగ్గరమ్మ. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. “సరే, ఓవర్‌లోడ్ రిలే ఎలా పని చేస్తుందో చెప్పు. ఇన్‌స్పెక్టరు గారికి అర్థమయ్యేట్టు చెప్పాలి.”

“మోటారు ఎక్కువ కరెంటు లాగితే రిలే లోపల పట్టీలు వేడెక్కి వంగుతాయి. వంగితే లైను తెగుతుంది. మోటారు ఆగిపోతుంది. మళ్ళీ లేవాలంటే బొత్తాం నొక్కాలి.”

“పట్టీలు ఇంకా వేడిగా ఉండగానే నొక్కితే?”

ఫ్యూజు మళ్ళీ తన చూపుడు వేలు చూసుకున్నాడు.

“చెప్పవేం? లేవదు. అవి చల్లారి నిటారుగా అయ్యేదాకా నువ్వు బొత్తాం నొక్కినా, బుగ్గ నొక్కినా లేవదు. మీ బావమరిది ‘ట్రిప్ అయింది’ అని అరవడం విన్నాక సూపర్‌వైజరు బయటికెళ్ళాడు, టీ తాగాడు, ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చాడు. అప్పుడు తిరిగింది డ్రమ్ము. ఇది ఆయన వాంగ్మూలం. నువ్వేమో వెంటనే నొక్కి లేపానంటున్నావు. అబద్ధం చెప్పడం కూడా ఒక పనే నాయనా, నీకు ఆ లైన్లో అనుభవం లేదు.”

“బ్రహ్మాండం!” అన్నాడు సర్టిఫికెట్. కిటికీ దగ్గర్నుంచి కదిలొచ్చాడు. “మా కేసుకి మీరే బిగింపు వేశారు మేడమ్. వెంటనే నొక్కలేదు. అంటే, చల్లారేదాకా కాచుక్కూర్చుని నొక్కాడు. పొరపాటున జరిగింది కాదు, పగబట్టి చేసింది. రాసుకోండి ఇన్‌స్పెక్టరు గారూ.”

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. న్యూట్రల్ కదా, ఎటు కరెంటొస్తే అటు పోనిస్తాడు.

“పగ ఎందుకట?” అన్నది మెగ్గరమ్మ.

“క్యాంటీన్లో అందరూ చూశారు. ‘మా బావ ఎలక్ట్రీషియనే గానీ ఇంట్లో ఫ్యూజు పోతే మా అక్కే వేస్తుంది’ అన్నాడట ఆ కుర్రాడు. అందరూ పగలబడి నవ్వారు. ఈయన వాడి చొక్కా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.”

“బావమరిది బావని ఏడిపించకపోతే ఎవర్ని ఏడిపిస్తాడు? దానికి చంపేస్తారా?”

“జనం అంతకంటే చిన్నవాటికి చంపుకుంటారు. నా రిపోర్టు చదివారుగా? రిలే ‘చేతి’ స్థానంలో ఉంది. అంటే మనిషి వచ్చి చేత్తో నొక్కితే తప్ప మిక్సర్ లేవదు. ఆ టైముకి ప్యానెల్ గదిలో ఉన్న చేతులు రెండు. ఆ రెండూ ఇవిగో, బేడీల్లో ఉన్నాయి.”

ఆ రిపోర్టు మెగ్గరమ్మ చాలాసార్లే చదివింది. అందులో తప్పు దొరకలేదు, అదే ఆమెకి ఒళ్ళు మండిస్తోంది.

ఈ కేసు ఆమెకి అప్పగించింది ఫ్యూజు భార్య. ఇదే ఫ్యాక్టరీలో ప్యాకింగులో పని చేస్తుంది. పోయినవాడు ఆమె తమ్ముడు. తల్లి లేని వాణ్ణి ఎత్తుకుని తిరిగి పెంచింది. “ఆయన్ని విడిపించమని అడగడానికి రాలేదక్కా,” అన్నదా రోజు. “ఆయన నా తమ్ముణ్ణి చంపారా లేదా, అది చెప్పండి చాలు. లేదంటే ఎదురుచూస్తాను, ఎన్నేళ్ళైనా సరే. అవునంటే...” అని ఆగిపోయింది. ఆ తర్వాత మాట ఆమెకీ తెలియదు. మొగుణ్ణి చూడటానికి స్టేషనుకి ఒక్కసారి కూడా పోలేదు. తెలియకుండా ఆ ముఖం చూడలేనన్నది.

“పదండి,” అంటూ లేచింది మెగ్గరమ్మ. “రిలేనే అడుగుదాం. అది మనిషి కాదు కాబట్టి కాస్త నిజం చెప్పొచ్చు.”

ప్యానెల్ గది ఇరుకు. ఒక గోడంతా ఇనప బీరువాల్లాంటి ప్యానెళ్ళు, ఎదుటి గోడకి జాలీ కిటికీ, కిటికీ అవతల ప్యాకింగు. ఎక్కడ చెయ్యి పెట్టినా తెల్లటి పుట్టీ పొడి. ఇన్‌స్పెక్టరు మిక్సర్ ప్యానెల్ మీద సీలు తెంపాడు. ఫ్యూజుని కానిస్టేబులు పట్టుకుని గోడ పక్కన నిలబెట్టాడు.

మెగ్గరమ్మ మెయిన్ స్విచ్ దించి, సంచిలోంచి తన సొంత తాళం తీసి దానికి బిగించి, తాళంచెవి మెడలో తాడుకి తగిలించుకుంది.

“మా మీద నమ్మకం లేదా?” అన్నాడు సర్టిఫికెట్.

“నమ్మకం ఉంది, అందుకే తాళం. ఆ రోజు ఆ కుర్రాడు కూడా ఒక తాళం వేసుకుని దిగుంటే ఇవాళ మనకి ఈ ముచ్చట ఉండేది కాదు. తాళం ఎందుకు వెయ్యలేదయ్యా?”

“తాళం ఎప్పుడో పోయింది. కొనిమ్మంటే కొనలేదు,” అన్నాడు ఫ్యూజు గోడకి చెప్పినట్టు. “అయినా ఎవరూ వేసేవాళ్ళు కాదు. ట్రిప్ అయిందంటే ఎవరో ఒకరు ఈ గదికొచ్చి నొక్కేదాకా లేవదని అందరికీ తెలుసు. దిగేవాడు ఓ కేక వేసి దిగేవాడు.”

“అసలు ట్రిప్పులెందుకు వేస్తోందిది? ఈ ఫ్యాక్టరీ యజమాని కూడా అన్ని ట్రిప్పులు వేసుండడు.”

ఆమె మీటరు తీసింది. కరెంటు లేదని ముందు చూసుకుంది. మోటారుకి మూడు ఫేజులు అందించే కాంటాక్టర్ని స్క్రూడ్రైవర్ మొనతో లోపలికి అదిమి పట్టి, ఒక్కో జత మొనల మీద మీటరు పెట్టింది. మొదటిదానికి మీటరు కూసింది. రెండోదానికి కూసింది. మూడోదానికి మూగపోయింది. దాని మూత విప్పి చూస్తే లోపల మొనలు బొగ్గయి ఉన్నాయి.

“ఇదీ రోగం. మూడు ఫేజుల్లో ఒకటి అందదు. బరువంతా మిగతా రెంటి మీద పడుతుంది, అవి వేడెక్కుతాయి, రిలే ఆపేస్తుంది. రిలే తప్పేం లేదు, పాపం అది అరిచి చెబుతోంది. దీన్ని మార్చమని ఎవరూ చెప్పలేదా?”

“పాత మెయింటెనెన్స్ కాంట్రాక్టరు చెప్పాడు.”

“చెబితే?”

“ఆయన్ని తీసేశారు.”

“భేష్! మార్చాల్సింది కాంటాక్టర్ని. వీళ్ళు మార్చింది కాంట్రాక్టర్ని. మధ్యలో ఒక్క రావత్తు తేడా. దాని కింద మనిషి నలిగిపోయాడు.” ఆమె సర్టిఫికెట్ వైపు తిరిగింది. “పోయిన నెల ఈ ప్యానెల్ బాగుందని సంతకం పెట్టింది మీరేగా?”

“ఆ రోజు బాగానే ఉంది.”

“ఆ రోజు ఈ తలుపు తీశారా?”

“ప్రతి బోల్టూ విప్పి చూస్తూ కూర్చుంటే...”

“తీయలేదన్నమాట. తలుపు మీద బోర్డు చదివి పెట్టారు సంతకం. చదువుకున్నవారు.”

సర్టిఫికెట్ మెడ ఎర్రబడింది. “మోటారు ఎందుకు ఆగిందన్నది కేసు కాదు మేడమ్. ఎందుకు లేచిందన్నది కేసు. రిలే చూడండి. మీ కళ్ళతోనే చూడండి.”

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. కాంటాక్టర్ కింద రిలే. దాని ముఖం మీద బొటనవేలంత నీలం బొత్తాం, బొత్తానికి చిన్న ముక్కు. ముక్కు ఎడమకి ఉంటే ‘చేతి’. మనిషి వచ్చి నొక్కాలి. కుడికి తిప్పితే ‘ఆటో’. చల్లారగానే ఎవరూ నొక్కకుండా దానంతటదే లేస్తుంది. ముక్కు ఎడమకే ఉంది. రిపోర్టులో ఉన్నట్టే.

కానీ రిపోర్టులో లేనివి రెండున్నాయి.

“ఇన్‌స్పెక్టరు గారూ, కాస్త వంగండి. వంగడం మీకు కొత్త కాదుగా. బొత్తాం చుట్టూ పొడి ఎలా గట్టిపడిందో చూశారా? ఎడమ నుంచి కుడి దాకా మాత్రం చెరిగిపోయింది, నెలవంకలా. ముక్కు తిరిగిన దారి అది. ఇది ఎడమ నుంచి కుడికి పోయి, మళ్ళీ వెనక్కొచ్చింది.”

“ఎవరో ఎప్పుడో తిప్పుంటారు,” అన్నాడు సర్టిఫికెట్.

“ఎప్పుడో తిప్పితే ఈపాటికి మళ్ళీ పొడి కప్పేసేది. సరే, రెండోది చూడండి. బొత్తాం మీద, ఇక్కడ.”

నీలం మీద ఊదా మరక. సగం వేలిముద్ర. గీతలు కూడా తెలుస్తున్నాయి.

“రీసెట్ నొక్కేదీ ఈ బొత్తామే, ఆటోకి తిప్పేదీ ఈ బొత్తామే. దీన్ని ఆఖరున ముట్టుకున్న వేలికి ఊదా సిరా ఉంది. ఫ్యూజు వేళ్ళు చూడండి, నల్ల గ్రీజు తప్ప ఇంకే రంగూ ఎరగవు. ఆఖరి చెయ్యి ఇతనిది కాదు. ఇంకెవరో వచ్చారు, ఆటోలో ఉన్న బొత్తాన్ని చేతికి తిప్పారు. సీలు మీరు వెయ్యకముందే. మరి మన నిపుణుడు గారు ముక్కెటు ఉందో చూశారు గానీ, ముక్కు కింద ఏముందో చూళ్ళేదు.”

“అయితే ప్రమాదం టైముకి అది ఆటోలో ఉందంటారా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. మొదటిసారి అతని గొంతులో కొంచెం కరెంటు వినిపించింది.

“ఆటోలో ఉంటే ఎవరూ నొక్కక్కర్లేదు. టీ తాగేంత సేపట్లో పట్టీలు చల్లారాయి, మిక్సర్ లేచింది. లోపలున్నవాడేమో ఇంకా చేతి మీదే ఉందనుకుని దిగాడు.”

ఫ్యూజు కళ్ళు మూసుకున్నాడు. మెగ్గరమ్మ అది చూసింది. నిర్దోషినని తెలిసిన మనిషి ముఖం అలా ఉండదు.

జాలీ కిటికీ అవతల సంచుల మీద టపటపా ముద్ర వేస్తున్న చప్పుడు. ఆమె లేచి అటు చూసింది. బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు. మధ్యలో ఊదా సిరా దిండు. ముగ్గురి బొటనవేళ్ళూ ఊదానే. ముగ్గురిలో ఇద్దరు ప్యానెల్ గది గుమ్మం తొక్కడానికే భయపడతారు. మూడో ఆమె ఇంట్లో ఫ్యూజులు వేసే మనిషి.

మెగ్గరమ్మ సైరను గొంతు దిగిపోయింది. “ఫొటోలు, వేలిముద్రల వాళ్ళు ఎక్కడున్నారు?”

“దారిలో ఉన్నారు. ఫొటో తీద్దామంటే మన ఫోన్లన్నీ ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గరే పెట్టించుకున్నారు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“వాళ్ళొచ్చేదాకా ఈ ప్యానెల్ దగ్గరికి ఎవరూ రాకూడదు. ఇతన్ని కూడా బయటికి పంపండి.”

“ముద్దాయిని అటూ ఇటూ తిప్పడం దేనికి? కానిస్టేబులు ఉన్నాడుగా, నేనూ ఉంటాను,” అన్నాడు సర్టిఫికెట్.

ఇన్‌స్పెక్టరు సరేనన్నాడు. మెగ్గరమ్మ ఇంకో మాట అనాల్సింది. ఆ క్షణాన ఆమె మనసంతా కిటికీ అవతల ఉంది.

ప్యాకింగులోకి వచ్చిన మెగ్గరమ్మనీ ఇన్‌స్పెక్టర్నీ చూసి ఫ్యూజు భార్య చేతిలో ముద్ర కింద పెట్టింది. “తెలిసిందా అక్కా?”

“ఒకటి అడగాలి తల్లీ. ఆ రోజు ప్యానెల్ తలుపు తీశావా?”

మిగతా ఇద్దరూ పని ఆపేశారు.

“ముందు రోజు అన్నం తింటూ సణుక్కున్నారాయన. ‘మిక్సర్ మాటిమాటికీ ఆగిపోయి పని పోతోందని సూపర్‌వైజరు ఆటోలో పెట్టమన్నాడు, పొద్దు పోయాక పెట్టేసి వచ్చా, తనిఖీ వాళ్ళ కంటబడితే నా ఉద్యోగం ఊడుద్ది’ అని. అదేంటో నాకేం తెలుసు? తప్పు పని అని మాత్రం అర్థమైంది. మర్నాడు అరుపులు విని పరిగెత్తాను. తమ్ముణ్ణి చూశాను. పోయాడని చూడగానే తెలిసిపోయిందక్కా. అందరూ వాడి చుట్టూ ఉన్నారు, ఈయన కూడా. నాకు ఒకటే అనిపించింది. ఒకడు పోయాడు. ఇంక పోలీసులొస్తారు, అన్నీ తెరిచి చూస్తారు, రెండోవాడు కూడా పోతాడు. వెళ్ళి తిప్పేశాను. నీలంది. ఆయన తిప్పడం ఇదివరకు చూశాను.”

“ఎందుకు చెప్పలేదు నాకు?”

“మీరడిగింది ఆయన నొక్కాడా లేదా అనేగా? ఇదెందుకనుకున్నా.”

మెగ్గరమ్మ ఆమె పక్కన సంచి మీద కూర్చుంది. పొడిగా చెప్పింది. “అది ఆటోలో ఉంటే మిక్సర్ చల్లారగానే దానంతటదే లేస్తుంది. ఎవరూ నొక్కక్కర్లేదు.”

“ఎవరూ?”

“ఎవరూ.”

“అయితే ఆయన నొక్కలేదు.” ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఆయన చంపలేదు. అక్కా, ఆయన చంపలేదు.” ఏడుపూ నవ్వూ కాని చప్పుడు ఒకటి వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. తర్వాత ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. “మరి... నేను తిప్పకుండా ఉంటే?”

“ఆ రోజే తెలిసిపోయేది. తలుపు తీయగానే.”

“నేను తిప్పినందుకే...”

“చేతి మీద ఉంది కాబట్టి చేత్తోనే నొక్కాలి, గదిలో ఉన్నది ఇతనే, అని పట్టుకెళ్ళారు.”

“మీరు చెప్పింది స్టేషనుకొచ్చి రాసివ్వాలి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. “సాక్ష్యం తారుమారు చేశారని మీ మీద కేసు అవుతుంది. తెలుసా?”

“అవనీండి. నా వేలిముద్ర ఉందిగా దాని మీద? తీసుకోండి. ఇప్పుడే తీసుకోండి.” ఊదా బొటనవేలు ముందుకు చాపి, వాళ్ళకంటే ముందు ఆమే ప్యానెల్ గదికి నడిచింది.

జాలీ కిటికీకి అద్దాలుండవు. బల్ల దగ్గర మాట్లాడిన ప్రతి మాటా అవతలికి వినిపించింది. ఈ సంగతి మెగ్గరమ్మకి గుమ్మంలో అడుగు పెట్టాక తట్టింది.

కానిస్టేబులు కిటికీ దగ్గర, ఇంకా ప్యాకింగు వైపే మెడ చాపి నిలబడి ఉన్నాడు. ఫ్యూజు ప్యానెల్ ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. బేడీల చేతులు రెండూ ఎత్తి, ఉమ్మితో తడిపిన చొక్కా అంచుతో ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. నీలం బొత్తాం కొత్తదానిలా మెరుస్తోంది. చుట్టూ గట్టిపడిన పొడి లేదు, నెలవంక లేదు, ఊదా లేదు.

ఇన్‌స్పెక్టరు అతని కాలరు పట్టి వెనక్కి లాగాడు. మెగ్గరమ్మ సర్టిఫికెట్‌కేసి చూసింది. ఆయన ప్యానెల్ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, గోడకి చేరగిలబడి ఉన్నాడు.

“చూస్తూ ఊరుకున్నారా?”

“నేను నిపుణుణ్ణి మేడమ్, కాపలావాణ్ణి కాను,” అన్నాడాయన. “మీరు చూసింది ఒక మరక. అది ఎవరిదో ఇప్పుడెవరు చెప్పగలరు? ఇంక మిగిలింది మొగుడి కోసం పెళ్ళాం చెప్పే మాట. అది ఏ కోర్టులో ఎంత బరువు తూగుతుందో మీకు నేను చెప్పాలా? నా రిపోర్టు మాత్రం అలాగే ఉంది.”

మెగ్గరమ్మ ఆయనకి వీపు చూపించి ఫ్యూజు వైపు తిరిగింది.

ఫ్యూజు ఎవర్నీ చూడటం లేదు. గుమ్మంలో నిలబడ్డ భార్యనే చూస్తున్నాడు. వారం తర్వాత ఇదే చూడటం. “నువ్వు దాన్ని ముట్టుకోలేదు,” అన్నాడు. “అర్థమైందా? అసలీ గదికే రాలేదు నువ్వు. ఇంటికెళ్ళు.”

ఆమె బొత్తాం వైపు చూడలేదు. అతని తడిసిన చొక్కా అంచు వైపు చూసింది. ఊదా రంగు అక్కడికి ఎక్కింది.

“మొదటిరోజే తెలుసా మీకు, నేనే తిప్పానని?”

“పోలీసులు ఆ తలుపు తీయగానే చూశాను. ఊదా వేళ్ళతో ఆ తలుపు తీసేది ఇంకెవరు?”

“అందుకని నొక్కానని చెప్పారా?”

ఆమె రెండడుగులు దగ్గరికొచ్చింది. కానిస్టేబులు అడ్డం రాబోతే ఇన్‌స్పెక్టరు చేత్తో ఆపాడు.

“నాకింకోటి చెప్పండి,” అన్నదామె. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, మెలకువ మాత్రం ఉంది. “ఆ షిఫ్టులో మిక్సర్ మీద పని చేసేది వాడొక్కడే. ఆటోలో పెట్టానని వాడొక్కడికి చెబితే చాలు. పొద్దున వాడు మీ ముందు నుంచే కదా లోపలికెళ్ళింది?”

“నా ముందు నుంచే వెళ్ళాడు.”

“మిమ్మల్ని చూశాడా?”

“చూశాడు. నవ్వాడు కూడా.”

“మరెందుకు చెప్పలేదు?”

ఉన్న జవాబు ఒక్కటే కనుక ఫ్యూజు అదే చెప్పాడు.

“మేం మాట్లాడుకోవడం లేదు కదా.”